చికెన్ పాక్స్ అని ముందే రాసేసిన కాగితం: ఎగ్జిమా ఉన్న ఒక పాప కేసు

ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, కుటుంబ వివరాలు కొంత మార్చాను. చర్మం మీద ఏం కనిపించింది, ఏ రోజు కనిపించింది, దాన్ని చూసి నేనేం నిర్ణయించాను అనేవి మాత్రం జరిగింది జరిగినట్టే ఉన్నాయి. నేను పొరబడిన రెండు రోజులు కూడా అందులో ఉన్నాయి. ఆ రెండు రోజుల కోసమే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

పాపకు నాలుగేళ్లు. ఆరు నెలల వయసు నుంచి ఎగ్జిమా ఉంది. మోచేతి మడతలు, మోకాళ్ల వెనుక, మెడ, కళ్ల చుట్టూ ఎర్రబడి, దురద పెట్టి, గోకితే రసి కారేది. మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడు సార్లు, ఎక్కువైనప్పుడు స్టెరాయిడ్ పూత మందు. ఈ పద్ధతిలో చాలావరకు అదుపులోనే ఉండేది. ఈ ఘటనకు రెండు వారాల ముందు నుంచి మాత్రం ఎగ్జిమా బాగా రేగింది. రాత్రుళ్లు పాపకు నిద్ర లేదు, ఇంట్లో వాళ్లకూ లేదు.

టీకాల కార్డులో చికెన్ పాక్స్ టీకా రెండు డోసులూ పడినట్టు ఉంది. ఈ విషయం మొదటి రోజే కాగితం మీద ఉంది. దాని అర్థం మాత్రం నాకు ఐదో రోజున తట్టింది.

ఇంకో వివరం కూడా చెప్పాలి. పాప తల్లి అప్పటికి ఐదో నెల గర్భిణి.

మొదటి రోజు

ఒక సాయంత్రం మెడ మీద, కుడి మోచేతి మడతలో చిన్న చిన్న నీటి పొక్కులు కనిపించాయి. పాపతో కలిసి ఆడుకునే ఒక బాబుకు సుమారు రెండు వారాల క్రితం చికెన్ పాక్స్ వచ్చి తగ్గింది. చికెన్ పాక్స్ సోకిన 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది కాబట్టి లెక్క సరిగ్గా సరిపోయింది. దగ్గరలోని డాక్టర్ చూసి చికెన్ పాక్స్ అన్నారు. టీకా పడినా ఒక్కోసారి వస్తుందని చెప్పి కాలమైన్ లోషన్, పారాసిటమాల్, దురద తగ్గే సిరప్ రాశారు. స్టెరాయిడ్ పూత ఆపమన్నారు. అంటుకునే జబ్బు కాబట్టి పాపను ఇంట్లోనే ఉంచమన్నారు.

ఆయన స్థానంలో నేనున్నా ఆ సాయంత్రం అదే మాట అనేవాడిని. పట్టుమని పది పొక్కులు కూడా లేవు, పాప హుషారుగా ఉంది, పక్కనే చికెన్ పాక్స్ వచ్చిన పిల్లవాడున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

కానీ ఆ ఒక్క పేరు పడగానే ఇంట్లో చాలా మారిపోయింది. గర్భంతో ఉన్నవాళ్లు చికెన్ పాక్స్‌కు దూరంగా ఉండాలని ఎవరో చెబితే తల్లి పక్క గదిలోకి వెళ్లిపోయింది. పాప రాత్రంతా అమ్మ కోసం ఏడ్చింది. స్టెరాయిడ్ ఆపమన్నారు కదా అని మాయిశ్చరైజర్ కూడా మానేశారు. ఎగ్జిమా చర్మం అసలే పొడి. దాని మీద కాలమైన్ ఆరి ఇంకా పొడిబారి, బిగుసుకుని, దురద రెట్టింపైంది.

మూడో రోజు: నేను మొదటిసారి చూసినప్పుడు

నా దగ్గరికి వచ్చేసరికి జ్వరం 39.2 డిగ్రీల సెల్సియస్. పొక్కులు బుగ్గలకు, రెండో మోచేతికి పాకాయి. చాలాచోట్ల చిదిమిపోయి, పైన తేనె రంగు పక్కు కట్టింది. పైన ఎండిన కాలమైన్ గులాబీ పొరలా ఉంది. దాని కింద ఏముందో సరిగ్గా కనిపించడం లేదు.

ఆ రోజు నా ఆలోచన ఇలా సాగింది. చికెన్ పాక్స్ ఉంది. దానికి తోడు ఎగ్జిమా చర్మం ఉంది. తేనె రంగు పక్కు అంటే స్టాఫిలోకాకస్ లేదా స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా చేరి ఉంటుంది. చికెన్ పాక్స్‌లో రెండు మూడు రోజులయ్యాక జ్వరం పెరిగితే ముందు బ్యాక్టీరియానే అనుమానించాలి. ఒక్కోసారి అది చర్మం లోతుకు, రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వాలి.

ఈ వరుసలో ప్రతి మెట్టూ సరైనదే. మొదటి మెట్టు తప్ప. "చికెన్ పాక్స్ ఉంది" అనేది నేను చూసి తేల్చింది కాదు, చీటీలో చదివింది. చదివినదాన్ని చూసినట్టే లెక్కేసుకున్నాను.

సెఫలెక్సిన్ సిరప్ రాశాను. పక్కు కింద నుంచి బ్యాక్టీరియా కల్చర్‌కు శాంపిల్ పంపాను. చికెన్ పాక్స్ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు కాబట్టి పారాసిటమాల్ ఒక్కటే ఇమ్మని చెప్పాను. ఐబుప్రొఫెన్‌కు, తీవ్రమైన స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్లకు సంబంధం ఉందన్న అనుమానం ఉంది. ఆస్పిరిన్ వల్ల కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. మాయిశ్చరైజర్ మళ్లీ మొదలుపెట్టమన్నాను. ఆ రోజు నేను చేసిన వాటిలో పాపకు నిజంగా ఊరటనిచ్చింది ఈ చివరిదొక్కటే.

తల్లి విషయంలో ఒక పని సరిగ్గానే చేశాను. చిన్నప్పుడు తనకు చికెన్ పాక్స్ వచ్చిందని ఆమె చెప్పింది. అయినా నమ్మకం కోసం రక్తపరీక్ష చేయిస్తే, ఆ వైరస్‌పై రక్షణనిచ్చే యాంటీబాడీలు ఉన్నాయని మర్నాడు తేలింది. "ఇక పాప దగ్గర పడుకోవచ్చా డాక్టర్ గారూ?" అన్నదే ఫోన్‌లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

ఐదో రోజు: పనిచేయనిది

రెండు రోజుల యాంటీబయాటిక్ తర్వాత జ్వరం తగ్గలేదు. కొత్త పొక్కులు వస్తూనే ఉన్నాయి. పాప నీళ్లు తాగడం తగ్గించింది, మూత్రం తక్కువగా వస్తోంది. ఎడమ కంటి పైరెప్ప వాచి, రెప్ప అంచు మీద మూడు పొక్కులున్నాయి.

అదే ఉదయం కల్చర్ రిపోర్ట్ వచ్చింది. స్టాఫిలోకాకస్ ఆరియస్, సెఫలెక్సిన్‌కు లొంగేదే. ఇక్కడ ఇంకో పొరపాటుకు దారి తెరిచే ఉంది. బ్యాక్టీరియా దొరికింది, మందు సరైనదే, ఇంకో రెండు రోజులు ఆగుదాం అనుకోవచ్చు. కానీ ఎగ్జిమా చర్మం మీద ఈ బ్యాక్టీరియా మామూలు రోజుల్లో కూడా కాపురముంటుంది. అది దొరకడం నిజమే, జబ్బుకు మూలం అదే అని మాత్రం దాని అర్థం కాదు. దానికి సరిపడే మందు పడుతున్నా పాప దిగజారుతోంది. అంటే అసలు కారణం వేరే ఉందన్నమాట.

చీటీ పక్కన పెట్టాను. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలు పావుగంట వేసి, కాలమైన్, పక్కులు మెత్తబడ్డాక తుడిచి, మంచి వెలుతురులో తల నుంచి పాదం దాకా పాపను కొత్తగా చూశాను.

చికెన్ పాక్స్‌లో పొక్కులు విడతలు విడతలుగా వస్తాయి. అందుకే ఒకే చోట ఎర్ర మచ్చ, ఉబ్బిన గుల్ల, గులాబీ రేకు మీద మంచు బిందువులాంటి నీటి పొక్కు, ఎండిన పక్కు, అన్నీ కలిసి కనిపిస్తాయి. ఛాతీ, వీపు, పొట్ట మీద ఎక్కువ, చేతులు కాళ్ల చివరలకు పోయేకొద్దీ తక్కువ. తలలో జుట్టు మధ్య, నోటి లోపల కూడా తరచూ ఉంటాయి.

ఈ పాప వీపు నున్నగా ఉంది. పొట్ట మీద రెండే పొక్కులు. తలలో లేవు, నోట్లో లేవు. పొక్కులన్నీ ఎగ్జిమా ఉన్నచోటే, అంటే మెడ, బుగ్గలు, కళ్ల చుట్టూ, మోచేతి మడతల్లో గుంపులు కట్టి ఉన్నాయి. చిదిమిన చోట పుండ్లన్నీ ఒకే సైజు, రెండు మూడు మిల్లీమీటర్లు, గుండ్రంగా, అంచు తీసినట్టు, కాగితానికి పంచింగ్ మిషన్‌తో చిల్లులు కొట్టినట్టు ఉన్నాయి. మోచేతి మడతలో అవి కలిసిపోయి పచ్చి పుండు అయింది. నొక్కితే పాప దురదకు కాదు, నొప్పికి ఏడుస్తోంది.

అది ఎగ్జిమా హెర్పిటికమ్. ఎగ్జిమాతో దెబ్బతిన్న చర్మం మీద హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ పాకడం. దీనికి కపోసీ వారిసెల్లిఫార్మ్ ఎరప్షన్ అనే పాత పేరు కూడా ఉంది. 1887లో మోరిట్స్ కపోసీ దీన్ని వర్ణించారు. వారిసెల్లిఫార్మ్ అంటేనే చికెన్ పాక్స్‌ను పోలినది అని. ఈ జబ్బు దేన్ని చూసి మోసపోయేలా చేస్తుందో దాని పేరులోనే ఉంది. ఆ పేరు విద్యార్థిగా ఉన్నప్పుడే చదువుకున్నాను. మూడో రోజున గుర్తు రాలేదు.

టీకా విషయం కూడా అప్పుడే వెలిగింది. రెండు డోసులు పడ్డ పిల్లల్లో పది మందిలో తొమ్మిది మందికి పైగా చికెన్ పాక్స్ అసలు రాదు. వచ్చినా సాధారణంగా యాభై లోపు మచ్చలు, నీటి పొక్కులు తక్కువ, జ్వరం ఉంటే కొద్దిగా. "టీకా పడినా రావచ్చు" అన్న మాట నిజమే. "టీకా పడినా ఇంత తీవ్రంగా రావచ్చా?" అని నేను అడగాల్సింది, అడగలేదు.

పెదవి మీద పొక్కు

పెదవుల మీద పొక్కులు తెచ్చేది కూడా ఈ హెర్పిస్ వైరస్సే. అప్పుడు అడిగాను, ఇంట్లో ఎవరికైనా ఈ మధ్య పెదవి మీద పొక్కులు వచ్చాయా అని. తండ్రి తలదించుకున్నాడు. పదిరోజుల క్రితం తనకు పెదవి అంచున వచ్చి మానింది. రాత్రిపూట పాపకు మాయిశ్చరైజర్ రాసేది ఆయనే. డబ్బాలో వేలు పెట్టి తీసి రాసేవాడు, పడుకోబెట్టేటప్పుడు బుగ్గ మీద ముద్దు పెట్టేవాడు.

"నా వల్లే కదా" అన్నాడు. ఆ ప్రశ్నకు తొందరగా "కాదు" అనేసి తప్పించుకోవడం నాకు ఇష్టంలేదు. వైరస్ ఆయన నుంచే వచ్చి ఉండవచ్చని చెప్పాను. దాంతో పాటే, ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో ఇదే వైరస్ ఉందని, చాలామందికి ఉన్న సంగతే తెలియదని, ఎగ్జిమా రేగినప్పుడు పెదవి పొక్కుతో జాగ్రత్త అని ఆయనకు ఇంతకుముందు చెప్పాల్సింది డాక్టర్లమేనని కూడా చెప్పాను. మూడున్నరేళ్లుగా ఈ పాపకు క్రీములు రాసిన చీటీల్లో ఎక్కడా ఆ హెచ్చరిక లేదు. కొన్ని చీటీల కింద సంతకం నాదే.

ఏం చేశాం, ఎందుకు చేశాం

ఆ గంటలోనే ఆసుపత్రిలో చేర్చుకున్నాం. తాజా పొక్కు అడుగు నుంచి తీసిన శాంపిల్‌ను, వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాను, హెర్పిస్ సింప్లెక్స్‌కు, చికెన్ పాక్స్ వైరస్‌కు రెండింటికీ. పొక్కు అడుగు కణాలను మైక్రోస్కోపులో చూసే, త్వరగా తేలే జాంక్ స్మియర్ చేద్దామని సహోద్యోగి అన్నారు. అందులో కనిపించే పెద్ద బహుకేంద్రక కణాలు ఈ రెండు వైరస్‌లలోనూ ఒకేలా ఉంటాయి. మా ప్రశ్న ఆ రెండింటిలో ఏది అన్నదే కాబట్టి అది మాకు పనికిరాదు.

రిపోర్ట్ కోసం ఆగకుండా, ఈ వైరస్‌లను అణచే ఎసైక్లోవిర్ మందు నరం ద్వారా మొదలుపెట్టాం. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకోసారి. నా అనుమానం తప్పై అది తీవ్రమైన చికెన్ పాక్సే అయినా ఇదే మందు పనికొస్తుంది. ఆగితే పోయేది ఎక్కువ, మొదలుపెడితే పోయేది తక్కువ. సిరప్‌గా ఎందుకివ్వలేదంటే జ్వరం ఉంది, పాప సరిగ్గా తాగడం లేదు, కంటి దగ్గరికి వచ్చేసింది. నోటి ద్వారా ఇచ్చే ఎసైక్లోవిర్ రక్తంలోకి చేరేది అసలే తక్కువ.

ఈ మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకునే ప్రమాదం ఉంది. మూత్రం తక్కువగా వస్తున్న బిడ్డకు అది చిన్న విషయం కాదు. ముందు సెలైన్ ఎక్కించి, ప్రతి డోసూ గంటసేపు నెమ్మదిగా ఇస్తూ, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ వచ్చాం.

అదే సాయంత్రం కంటి డాక్టర్ వచ్చారు. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుగులో చూశారు. హెర్పిస్ కార్నియాకు, అంటే కంటి ముందరి పారదర్శక పొరకు పాకితే చెట్టుకొమ్మలా చీలిన పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. పాపకు అది లేదు. ఆ మాట వినేదాకా నాకు టెన్షన్‌గానే ఉంది. మూడో రోజు నా దగ్గరికి వచ్చినప్పుడు రెప్ప మీద ఏమీ లేదు, ఆ రెండు రోజుల్లోనే అక్కడికి చేరింది.

పీసీఆర్ వచ్చేదాకా పాపను విడిగా ఒక గదిలో ఉంచి, గాలి ద్వారా సోకే జబ్బుకు తీసుకునే జాగ్రత్తలే పాటించాం. హెర్పిస్ అని నాకు దాదాపు నమ్మకమే. కానీ అదే వార్డులో రక్షణ శక్తి తగ్గిన పిల్లలున్నారు. నా నమ్మకాన్ని వాళ్ల మీద పరీక్షించే హక్కు నాకు లేదు.

స్టెరాయిడ్ పూత గురించి వార్డులో కొంత చర్చ జరిగింది. పచ్చి పుండ్ల మీద మొదటి రోజుల్లో ఆపాను. కొత్త పొక్కులు ఆగగానే ఎగ్జిమా భాగాలకు తిరిగి మొదలుపెట్టాను. ఎగ్జిమాను రేగుతూ వదిలేస్తే చర్మం పగుళ్లు తెరిచే ఉంటాయి. వైరస్‌కు దారి అవే. సెఫలెక్సిన్ మాత్రం ఏడు రోజులూ ఇచ్చాం, బ్యాక్టీరియా కూడా నిజమే కాబట్టి.

ఆసుపత్రిలో చేరిన రెండో రోజు పీసీఆర్ రిపోర్ట్ వచ్చింది. హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 పాజిటివ్, చికెన్ పాక్స్ వైరస్ నెగటివ్. మందు మొదలైన 48 గంటలకు కొత్త పొక్కులు ఆగాయి, జ్వరం దిగింది. ఆసుపత్రిలో నాలుగో రోజు ఎసైక్లోవిర్ సిరప్‌కు మార్చి ఇంటికి పంపాం. మొత్తం పది రోజుల కోర్సు. రెండు వారాలకు పుండ్లు మానాయి. మచ్చలు కొన్నాళ్లు ఉండి వెలిసిపోయాయి, బుగ్గ మీద ఒక్క చిన్న గుంట తప్ప.

నా పద్ధతిలో మారినవి

చికెన్ పాక్స్ అని రాసి వచ్చే ప్రతి బిడ్డకూ ఇప్పుడు వీపు, తల, నోరు చూస్తాను. ఆ మూడూ శుభ్రంగా ఉండి పొక్కులు ఒక్కచోటే గుంపుగా ఉంటే అది చికెన్ పాక్స్ అని నేను ఒప్పుకోను. కాలమైన్ గానీ, పక్కు గానీ అడ్డుగా ఉంటే తీశాకే చూస్తాను. దానికి పావుగంట పడుతుంది. మూడో రోజున నేను మిగుల్చుకున్న పావుగంట అదే.

దీన్ని పోలినవి ఇంకా ఉన్నాయి. కాక్సాకీ వైరస్ వల్ల వచ్చే చెయ్యి, పాదం, నోటి జబ్బు కూడా కొందరు పిల్లల్లో ఎగ్జిమా ఉన్నచోటే విజృంభిస్తుంది. అప్పుడు అరచేతులు, అరికాళ్లు, పిరుదులు, నోటి లోపల వెతకాలి. పురుగు కుట్టిన గుల్లలు విపరీతంగా దురద పెడతాయి, పిల్లలు జ్వరం లేకుండా ఆడుకుంటూనే ఉంటారు. గజ్జి అయితే వేళ్ల సందుల్లో ఉంటుంది, రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటూ ఉంటారు. ములస్కం అనే వైరస్ వల్ల వచ్చే గుల్లల్లో నీరుండదు, నడుమ చిన్న నొక్కు ఉంటుంది. వీటిలో ఏదీ ఒక ఫోటో చూసి తేల్చేది కాదు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఒక్కసారిగా నొప్పి, జ్వరం, ఒకే సైజు పుండ్లు వస్తే మాత్రం తేలేదాకా ఆగను. హెర్పిస్ కాదని రుజువయ్యేదాకా అది హెర్పిసే అనుకుని ఎసైక్లోవిర్ మొదలుపెడతాను.

ఎగ్జిమా పిల్లల చీటీల్లో ఇప్పుడు రెండు మాటలు అదనంగా రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా పెదవి మీద పొక్కు ఉంటే అది పూర్తిగా మానేదాకా బిడ్డకు ముద్దులు వద్దు, క్రీము ఇంకొకరు రాయాలి. డబ్బాలో వేలు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోవాలి.

ఐదు నెలల తర్వాత ఒక ఉదయం పాప తల్లి నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటికి ఆమెకు రెండోసారి కాన్పు అయి రెండు వారాలే అయింది. మెసేజ్‌లో జబ్బు పేరేమీ రాయలేదు. "ఎడమ మోకాలి వెనుక ఐదు పొక్కులు, అన్నీ ఒకే సైజు. నొక్కితే నొప్పి అంటోంది. జ్వరం లేదు. వీపు, తల, నోరు చూశాను, ఏమీ లేవు. కళ్లు బాగున్నాయి. రాత్రి పడుకునేటప్పుడు లేవు." మధ్యాహ్నానికల్లా మొదటి డోసు ఎసైక్లోవిర్ సిరప్ పడింది. ఆ ఐదు పొక్కులు ఆరో పొక్కు రాకుండానే ఎండిపోయాయి.